పొడి చల్లడమా, పొడిగా ఉంచడమా?



ఈవేళ నేను చెప్పబోయేది పేరంటంలో కూర్చుని చెప్పుకునే విషయం కాదు. అయినా పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒక రోజు ఈ మాట రాక తప్పదు. అదే, పిల్లలకు గుడ్డ కట్టే చోట ఎర్రగా కందిపోవడం, ఒరుసుకుపోవడం. డాక్టర్లు దీన్ని డయాపర్ రాష్ అంటారు. న్యాప్కిన్ రాష్ అన్నా ఇదే. ‘ఇంత చిన్నదానికి చరిత్ర కూడానా!’ అని మీరు నవ్వుకోవచ్చు. ఉందండీ. అందులో తమాషాలున్నాయి, మనలాంటి ఇల్లాళ్ళ తెలివితేటలున్నాయి, కళ్ళు చెమర్చే సంగతులూ ఉన్నాయి.

ముందు నా సంగతి చెబుతాను. మా పెద్దమ్మాయి మాఘమాసంలో పుట్టింది. మూడో నెల వచ్చేసరికి విజయవాడ ఎండలు మండిపోతున్నాయి. పిల్ల తొడల సందుల్లో, పిరుదుల మీద ఎర్రగా కందిపోయి, నీళ్ళు తగిలితే చాలు గుక్కపట్టి ఏడ్చేది. పక్కింటావిడ వచ్చి, “నువ్వు మామిడిపళ్ళు తింటున్నావు, పాలు వేడి చేశాయి” అంది. మా అత్తయ్యగారు, “గుడ్డలు సరిగ్గా జాడిస్తున్నావా అమ్మాయ్?” అన్నారు. తప్పు ఎటు తిరిగినా నాదే! నేను చేసిందల్లా ఒకటే. పౌడరు డబ్బా తీసుకుని, గుడ్డ మార్చినప్పుడల్లా పిల్ల పిండిలో పొర్లిందా అన్నట్టు చల్లేదాన్ని. అది తడికి ముద్దకట్టి, మడతల్లో ఉండలై, ఇంకా ఒరుసుకునేది.

ఆ వారం మా అమ్మమ్మ చూడటానికి వచ్చింది. పొత్తిగుడ్డ విప్పి చూసి ఒకే మాట అంది. “పొడి చల్లుతున్నావు గాని, పొడిగా ఉంచుతున్నావుటే?”

ఆ మాట నాకప్పుడు చురుక్కుమంది. రెండు రోజులు పిల్లను నీళ్ళతో కడిగి, మెత్తగా అద్ది, గుడ్డ కట్టకుండా పాత చీర మడత మీద గాలికి పడుకోబెట్టాం. తగ్గిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత, రేడియో ప్రసంగం కోసం పుస్తకాలు తిరగేస్తుంటే తెలిసింది, పెద్ద పెద్ద దేశాల్లో పెద్ద పెద్ద వైద్యులు కూడా ఆ ‘పొడి’కీ ఈ ‘పొడి’కీ మధ్యనే నూరేళ్ళు కొట్టుమిట్టాడారని.

మన ప్రాచీన వైద్యుల నుంచి మొదలుపెడదాం. సుశ్రుత సంహితలో చిన్న రోగాల జాబితా ఒకటి ఉంది. వాటిని క్షుద్రరోగాలంటారు. అందులో ‘అహిపూతన’ అనేదొకటి. బిడ్డకు మలమూత్రాలు అంటుకున్న చోట కడగకపోయినా, చెమట పట్టి స్నానం లేకపోయినా, అక్కడ దురద పుడుతుందనీ, గోకడం వల్ల పొక్కి, పుండై, రసి కారుతుందనీ ఆయన వర్ణించాడు. చూశారా! మలం, మూత్రం, చెమట, కడగకపోవడం. మన సమస్య నాలుగు మాటల్లో వచ్చేసింది. చికిత్సలో కషాయాలు కూడా చెప్పాడు. వాటిలో త్రిఫల కషాయం ముఖ్యం.

తర్వాత కొన్ని శతాబ్దాలకు వాగ్భటుడు అష్టాంగహృదయంలో ఈ వ్యాధినే వర్ణిస్తూ, దీనికున్న పేర్లన్నీ చెప్పాడు. అందులో ఒకటి ‘మాతృకాదోషం’. ఆ పేరుకు పండితులు ఏ అర్థం చెప్పినా, చదవగానే మన కంటికి ఆనేది ‘మాతృ’ అన్న మాట, దాని పక్కనే ‘దోషం’ అన్న మాట! చికిత్సలోనూ బిడ్డను కడగడంతోపాటు పాలిచ్చే ఆమె పాలను శుద్ధి చెయ్యమన్నారు. మా పక్కింటావిడ మామిడిపళ్ళ మాట ఎంత పాతదో అప్పుడు అర్థమైంది నాకు.

మన ఇళ్ళల్లో పద్ధతి మీకు తెలిసిందే. పాత నేతచీరలు చింపి, ఉతికి ఉతికి మెత్తబడిన గుడ్డలు దొంతరలుగా పెట్టుకునేవారు. బిడ్డను చాపిన కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోసేవారు. పాలు తాగిన కాసేపటికి రెండు పాదాల మధ్యా కూర్చోబెట్టి ‘ష్‌ష్’ మంటే పని అయిపోయేది. పగలంతా చాలామంది పిల్లలకు మొలత్రాడే వస్త్రం! బిడ్డ తడిపితే మనకు వెంటనే తెలిసేది, ఎందుకంటే తడిసేది మన చీరే. అలాగని ఆ కాలంలో పిల్లలకు ఒరుపే లేదని నేననను. లేకపోతే సుశ్రుతుడెందుకు రాస్తాడు? కాని గాలీ ఎండా తగిలే దేశం కాబట్టి తడి ఎక్కువసేపు ఒంటిని అంటుకుని ఉండేది కాదు.

చలిదేశాల సంగతి వేరు. అక్కడ బిడ్డను ఒంటినిండా చుట్టాలి, ఇల్లు తివాచీలతో ఉంటుంది, గుడ్డ ఆరడానికి ఎండ ఉండదు. అందుకని నలుచదరపు గుడ్డను మడతలు వేసి గట్టిగా కట్టేవారు. 1849లో న్యూయార్కుకు చెందిన వాల్టర్ హంట్ అనే ఆయన సేఫ్టీ పిన్నుకు పేటెంటు తీసుకున్నాడు. అప్పు తీర్చడానికి ఆ హక్కును 400 డాలర్లకే అమ్మేశాడట. మన కొంగులకు, మంగళసూత్రాలకు వేలాడే పిన్నీసు ఆయనదే. అది వచ్చాక గుడ్డ జారకుండా నిలిచింది. తర్వాత 20వ శతాబ్దంలో గుడ్డమీద తొడిగే రబ్బరు లాగులు వచ్చాయి. పరుపులు తడవడం మానేశాయి. కాని బిడ్డ మాత్రం ఆవిరిమీద ఇడ్లీలా లోపల ఉడికిపోయింది. పరుపు ఆరింది, ఒళ్ళు పొక్కింది.

దానికి మందులు కావాలి కదా! 1872లో రాబర్ట్ చీజ్‌బ్రో అనే అమెరికన్ రసాయనవేత్త, కిరసనాయిలు బావుల దగ్గర పంపుల కడ్డీలకు అంటుకునే మైనంలాంటి మడ్డిని శుద్ధిచేసి వాజలైన్‌కు పేటెంటు పొందాడు. ఆ శతాబ్దం చివర్లో బెర్లిన్‌లో ఆస్కార్ లస్సార్ అనే చర్మవైద్యుడు జింక్ ఆక్సైడు, గంజిపిండి, వాజలైన్ కలిపి ఒక ముద్ద తయారుచేశాడు. ఈనాటికీ మందుల షాపులో దొరికే తెల్లటి ర్యాష్ క్రీములకు పెద్దమ్మ అదే. ఈ రెండూ మంచి పనే చేశాయి. ఎందుకంటే ఇవి చర్మానికీ తడికీ మధ్య గోడకట్టినట్టు అడ్డం నిలుస్తాయి.

మూడోది పౌడరు. మందుపట్టీలు వేసుకున్నవాళ్ళకు చర్మం మండుతోందని ఒక డాక్టరు ఫిర్యాదు చేస్తే, జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కిల్మర్ ఆయనకు ఇటలీ టాల్కు పొడి పంపాడు. అది బాగా పనిచేసిందని తేలడంతో 1890ల్లో ఆ కంపెనీ బేబీ పౌడరు అమ్మకానికి పెట్టింది. టాల్కు అంటే మెత్తగా నూరిన రాయి, మన బలపం జాతిది. డబ్బా మీద నవ్వే పాపాయి బొమ్మ, ఆ కమ్మటి వాసన... బారసాలకు వచ్చిన ప్రతివారూ ఒక డబ్బా తెచ్చేవారు కదూ!

ఇప్పుడు కథ కొంచెం చేదు మలుపు తిరుగుతుంది.

1921లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన డాక్టర్ కుక్ ఒక వ్యాసం ప్రచురించాడు. పొద్దున్నే బిడ్డ గుడ్డ విప్పితే ముక్కు అదిరేలా వచ్చే వాసన అమ్మోనియాది. మలంలో ఉండే ఒక క్రిమి మూత్రాన్ని విరిచి ఆ అమ్మోనియా పుట్టిస్తోందనీ, అదే చర్మాన్ని కాలుస్తోందనీ ఆయన తేల్చాడు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. వైద్యలోకం ఒప్పుకుంది. సరే, దోషం క్రిమిదైతే మందు ఏమిటి? క్రిమిని చంపడమే. ఉతికిన గుడ్డల్ని క్రిమిసంహారక ద్రావణాల్లో జాడించమన్నారు, పొడులలో మందులు కలిపారు. ఇక్కడ కూడా గమనించండి. నేరం ఎవరి మీద పడింది? గుడ్డలుతికే తల్లి మీద!

ఆ మందులలో బాగా వాడుకలోకి వచ్చింది బోరిక్ యాసిడ్. మనకు కొత్తదేమీ కాదు. పిల్లలు క్యారమ్ బోర్డు మీద చల్లేది, బొద్దింకలకు మూలల్లో పెట్టేది అదే. ఆరోగ్యంగా ఉన్న చర్మం మీద అది పెద్దగా హాని చెయ్యదు. కాని పొక్కి, తోలు లేచిన చర్మం మీద చల్లితే లోపలికి ఇంకిపోతుంది. కందిన పిల్లలకే కదా చల్లేది! వాంతులు, విరేచనాలు, ఒళ్ళంతా ఎర్రబడటం, ఫిట్స్. 1953లో కెనడాలోని మాంట్రియల్‌కు చెందిన గోల్డ్‌బ్లూమ్ వైద్యులిద్దరు తాము చూసిన 4 కేసులతోపాటు ప్రపంచవ్యాప్తంగా నమోదైన 109 బోరిక్ యాసిడ్ విషప్రయోగాల వివరాలు పోగుచేసి ప్రచురించారు. వాళ్ళలో సగానికి పైగా చనిపోయారు. పసిపిల్లల్లో మరణాలు ఇంకా ఎక్కువ. తల్లి మంచికని చల్లిన పొడి అది. తర్వాతగాని పిల్లల పొడుల్లోంచి దాన్ని తీసివెయ్యలేదు.

అంతటితో బుద్ధి వచ్చిందా? రాలేదు. ఈసారి హెక్సాక్లోరోఫీన్ అనే మందు వంతు. సబ్బుల్లో, ఆస్పత్రుల్లో దాన్ని తెగ వాడేవారు. 1971 డిసెంబరులో అమెరికా ప్రభుత్వం, నవజాత శిశువులకు దీనితో స్నానం చేయించవద్దని హెచ్చరించింది. మరుసటి ఏడు 1972లో ఫ్రాన్సులో ఘోరం జరిగిపోయింది. మొరాంజ్ అనే పిల్లల టాల్కు పౌడరు తయారీలో పొరపాటున ఈ మందు కలిసిపోయింది. పొడిలో 6 శాతానికి పైగా ఉన్నట్టు తర్వాత తేలింది. ఆ డబ్బాలు దుకాణాలకు వెళ్ళాయి, ఇళ్ళకు వెళ్ళాయి.

ఇక ఆ తల్లుల్ని తలుచుకోండి. బిడ్డ పిరుదులు ఎర్రబడ్డాయి. ఎర్రబడితే ఏం చేస్తాం? మరికాస్త పొడి చల్లుతాం. పుండు పెద్దదవుతుంది. ఇంకాస్త చల్లుతాం. ఆ మందు చర్మంలోంచి ఇంకి మెదడుకు ఎక్కుతుందని ఎవరికి తెలుసు? మొత్తం 204 మంది పిల్లలు జబ్బుపడ్డారు. వాళ్ళలో 36 మంది చనిపోయారు. ఈ అంకె చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పిండిలో పొర్లినట్టు ఉన్న మా అమ్మాయి ఒళ్ళే కళ్ళముందు మెదిలింది. ఆ తల్లులకూ నాకూ తేడా ఏమిటి? డబ్బాలో ఉన్నదే తేడా!

ఇంకొక్కటి చెప్పి ఈ బాధాకరమైన భాగం ముగిస్తాను. 1980లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో, పిల్లల గుడ్డలు ఉతికి ఇళ్ళకు అందించే లాండ్రీ ఒకటి, బూజు పట్టకుండా గుడ్డల్లో పాదరసపు మందు వాడింది. వేలాది పసిపిల్లల ఒంట్లోకి పాదరసం చేరింది. కొందరి చేతులూ కాళ్ళూ గులాబీరంగుకు తిరిగి, చికాకుతో ఏడ్చేవారు. డాక్టర్లు వెతికి వెతికి గుడ్డల దగ్గరికి చేరుకున్నారు. అదృష్టవశాత్తూ ఆ గుడ్డలు మానేశాక చాలామంది కోలుకున్నారు.

మరి ఆ అమ్మోనియా సంగతేమైంది? తమాషా అంతా అక్కడే ఉంది. 1977లో అమెరికాలో డాక్టర్ లేడెన్, ఆయన తోటివారు ఒక పని చేశారు. ఒరుపు ఉన్న పిల్లల గుడ్డల్లోనూ, లేని పిల్లల గుడ్డల్లోనూ అమ్మోనియాను కొలిచారు. రెండుచోట్లా ఇంచుమించు అంతే ఉంది! బాగున్న చర్మం మీద అమ్మోనియా పట్టీ వేసి చూశారు. ఏమీ కాలేదు. అంటే యాభై ఏళ్ళకు పైగా వైద్యులు తరిమిన దొంగ అసలు దొంగ కాదన్నమాట.

అసలు సంగతి 1986లో బెర్గ్ మొదలైన పరిశోధకులు వివరించారు. మన భాషలో చెబుతాను. మలంలో అరుగుదలకు పనికివచ్చే రసాలు కొన్ని మిగిలి ఉంటాయి. అవి మాంసకృత్తుల్నీ కొవ్వునీ కరిగిస్తాయి. మామూలుగా అవి కాస్త మందకొడిగానే ఉంటాయి. కాని మూత్రం వచ్చి మలంతో కలిస్తే, పుట్టే అమ్మోనియా వల్ల అక్కడ క్షారగుణం పెరుగుతుంది. క్షారం పెరిగితే ఆ రసాలు చెలరేగుతాయి. అన్నాన్ని అరిగించాల్సినవి బిడ్డ చర్మాన్ని అరిగించడం మొదలుపెడతాయి. దానికి తోడు, చాలాసేపు తడిలో నానిన చర్మం, బట్టలుతికిన చేతివేళ్ళలా మెత్తబడి ఉంటుంది. గుడ్డ రాపిడికి ఇట్టే పొక్కుతుంది. తల్లిపాలు తాగే పిల్లల మలంలో క్షారగుణం తక్కువ, అందుకే వాళ్ళకు ఈ బాధ కూడా తక్కువ. చూశారా, పాలు వేడిచెయ్యడం కాదు, కాపాడుతున్నాయి!

మలం, మూత్రం, తడి, రాపిడి. సుశ్రుతుడి నాలుగు మాటల దగ్గరికే మళ్ళీ వచ్చాం.

ఇక గుడ్డ కథ మిగిలింది. అది ఆడవాళ్ళ కథ కాబట్టి ఆనందంగా చెబుతాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులు. ఇంగ్లండులో వేలరీ హంటర్ గోర్డన్ అనే సైనికాధికారి భార్యకు 1947లో మూడో బిడ్డ. గుడ్డలుతికి విసిగిపోయిన ఆమె, యుద్ధంలో మిగిలిపోయిన పారాచ్యూట్ నైలాను గుడ్డతో పైలాగు కుట్టి, లోపల పారవేసే మెత్త పెట్టే ఏర్పాటు చేసింది. చూసినవాళ్ళందరూ మాకూ కుట్టిపెట్టమన్నారు. వంటింటి బల్లమీద కుట్టుమిషను పెట్టుకుని వందల కొద్దీ కుట్టింది. తర్వాత అవి ‘పాడీ’ అనే పేరుతో దుకాణాలకు వచ్చాయి.

దాదాపు అదే సమయంలో అమెరికాలో మేరియన్ డోనవన్ అనే ఇల్లాలు స్నానాలగదిలో వేలాడే ప్లాస్టిక్ తెరను చింపి, మిషను మీద పైలాగు కుట్టింది. రబ్బరు లాగులాగా ఒంటిని ఉడకపెట్టకుండా గాలి ఆడే గుడ్డ వెతికి, ఆవిడా చివరికి పారాచ్యూట్ నైలానుకే వచ్చింది. పిన్నీసు బదులు నొక్కుడు బొత్తాలు పెట్టింది. పడవలా ఉందని దానికి ‘బోటర్’ అని పేరు. ఏ కంపెనీవాడూ తీసుకోకపోతే తనే తయారుచేసి 1949లో న్యూయార్కులో ఒక పెద్ద దుకాణంలో అమ్మింది. 1951లో పేటెంటు రాగానే హక్కులు పది లక్షల డాలర్లకు అమ్మింది. కాగితంతో ఒకసారి వాడి పారేసే గుడ్డ చేద్దామని కూడా ఆవిడ అందరినీ అడిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

1956లో ప్రాక్టర్ అండ్ గాంబుల్ కంపెనీలో విక్టర్ మిల్స్ అనే ఇంజినీరు తన మనవడికో మనవరాలికో గుడ్డలు మార్చవలసి వచ్చి, అబ్బ, ఇదేం పనిరా అనుకున్నాడట. అప్పుడు గాని ఆ కంపెనీలో ఆ పని మొదలుకాలేదు! 1961 డిసెంబరులో ఇల్లినాయిస్‌లోని పియోరియా అనే ఊళ్ళో ఆ కంపెనీ కాగితపు డయాపర్లు అమ్మి చూసింది. ఒక్కోటి 10 సెంట్లు. ధర ఎక్కువని జనం కొనలేదు, తర్వాత తగ్గించవలసి వచ్చింది. అదే పియోరియాలో ప్రభుత్వ వ్యవసాయ ప్రయోగశాల ఒకటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెన్సిలిన్ ఉత్పత్తిని పెంచిన ప్రయోగశాల అది. మొక్కజొన్న గంజికి కొత్త ఉపయోగాలు వెతుకుతూ అక్కడివాళ్ళు, తన బరువుకు వందల రెట్లు నీళ్ళు తాగే పదార్థం కనిపెట్టారు. ఆ కోవకు చెందిన రేణువులే 1980ల్లో డయాపర్లలోకి వచ్చాయి. తడిని లోపలికి లాగి జెల్లీలా పట్టి ఉంచుతాయి గనక ఒళ్ళు పొడిగా ఉంటుంది. ఇవి వచ్చాక ఒరుపు తగ్గిందని పరిశోధనలూ చెప్పాయి.

అందుకని నేను డయాపర్లను తిట్టను. ప్రయాణాల్లో, రాత్రిళ్ళు అవి ఎంత సుఖమో అందరికీ తెలుసు. కాని ఒక చిక్కుంది. గుడ్డ తడిస్తే మనకు తెలుస్తుంది. డయాపరు తడిసినా పొడిగా కనిపిస్తుంది. మూత్రాన్నైతే అది దాచుకుంటుంది గాని, మలాన్ని దాచుకోలేదు. ‘ఖరీదైనది, ఇంకా నిండలేదు’ అని పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఉంచితే, పాతకాలం రబ్బరు లాగుకూ దీనికీ తేడా ఏముంది?

పౌడరు సంగతి కూడా ముగింపుకు వచ్చింది. బేబీ పౌడరు పుట్టించిన కంపెనీయే 2020లో అమెరికా, కెనడాలలో టాల్కు పౌడరు అమ్మకం ఆపింది, 2023లో ప్రపంచమంతటా ఆపేసింది. 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం టాల్కును ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలో చేర్చింది. అదలా ఉంచినా, టాల్కు కానివ్వండి, గంజిపొడి కానివ్వండి, మెత్తటి పొడి ఏదైనా బిడ్డ ముక్కులోకి పోతే ఊపిరితిత్తులకు చేటు. పిల్లల డాక్టర్లు అసలు వద్దంటున్నది అందుకే.

ఇప్పుడు మరో కొత్త ముప్పు ఉంది. పౌడరు డబ్బా స్థానంలో ట్యూబు వచ్చింది. మందుల షాపులో అడిగితే స్టెరాయిడ్, బూజుమందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ఆయింట్‌మెంటు చేతిలో పెడతారు. రాస్తే ఒక్క రోజులో ఎరుపు పోతుంది, నిజమే. కాని డయాపరు కింద బిగిసిన లేతచర్మం మీద స్టెరాయిడ్ బలంగా ఇంకుతుంది, చర్మం పలచబడుతుంది. పసిపిల్లల పిరుదుల మీద ఊదారంగు గడ్డలు రావడాన్ని 1971లోనే ఐరోపా చర్మవైద్యులు గుర్తించారు. బలమైన స్టెరాయిడ్ పూతలకూ ఈ గడ్డలకూ సంబంధం ఉందని తర్వాత వైద్యులు గమనించారు. మన దేశంలో 2018లో ఇలాంటి అనేక స్టెరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన తెచ్చారు. అడగ్గానే ఇచ్చారని కొనకండి.

మరి మనం చెయ్యవలసిందేమిటి? నాలుగు మాటల్లో చెబుతాను, వంటింటి గోడకు రాసి పెట్టుకోండి.

మలం అయితే క్షణం ఆలస్యం చెయ్యకుండా మార్చండి. గుడ్డ అయితే తడిసిన వెంటనే, డయాపరైతే నిండకపోయినా మూడు నాలుగు గంటలకొకసారి. నెలల పిల్లలు రోజుకు పదిహేను, ఇరవై సార్లు తడుపుతారని గుర్తుంచుకోండి.

గోరువెచ్చని మామూలు నీళ్ళతో కడగండి. రుద్దవద్దు, మెత్తటి గుడ్డతో అద్దండి. సువాసన వేసిన తడిరుమాళ్ళు కందిన ఒంటికి మంచివి కావు.

రోజుకు కొన్నిసార్లు కాసేపు ఏమీ కట్టకుండా గాలికి వదిలెయ్యండి. పక్క తడిస్తే తడవనివ్వండి, పక్క ఉతకవచ్చు. ఆ తర్వాత జింక్ ఆక్సైడు క్రీమో, వాజలైనో కాస్త మందంగా రాయండి. మళ్ళీ మార్చేటప్పుడు దాన్నంతా గీకి తీయనక్కరలేదు, మురికి పట్టినంత మేరే తుడిచి పైన మళ్ళీ రాయండి.

గుడ్డల్లో సబ్బు మిగలకుండా రెండు మూడు నీళ్ళల్లో జాడించి ఎండలో ఆరెయ్యండి. ఆస్పత్రి వాసన వచ్చే మందునీళ్ళలో ముంచడం అక్కరలేదు. బోరిక్ పౌడరు బిడ్డ దరిదాపుల్లోకి రానివ్వవద్దు.

ఇలా చేస్తే రెండు మూడు రోజుల్లో తగ్గుముఖం పట్టాలి. పట్టకపోయినా, జ్వరం వచ్చినా, చీమూ బొబ్బలూ కనిపించినా డాక్టరుకు చూపించండి. తొడల మడతల్లోపల కూడా ఎర్రగా కాలినట్టుండి, చుట్టూ చిన్న చిన్న ఎర్రచుక్కలు కనిపిస్తే అది బూజు జాతి క్రిమి పని. యాంటీబయాటిక్ వాడిన తర్వాత ఇది ఎక్కువగా వస్తుంది. దానికి మందు వేరు, డాక్టరే ఇవ్వాలి.

సోదరీమణులారా! పసిబిడ్డ గుడ్డ ఒక రోజులో ఎన్నిసార్లు మార్చాలో లెక్కవేస్తే, అది ఒక మనిషి చెయ్యగలిగే పని కాదని తెలుస్తుంది. బాలింత రాత్రంతా మేలుకుని, పగలు వంటచేసి, గుడ్డలుతికి, అలసి ఒక గంట కన్నుమూస్తే బిడ్డ ఒళ్ళు కందింది. వెంటనే ‘నువ్వేం తిన్నావు, ఎలా ఉతికావు’ అని అడుగుతాం. ఈసారి అలా అడక్కండి. మీ కోడలిదో, కూతురిదో, పక్కింటి అమ్మాయిదో పసిబిడ్డ కందిపోయి కనిపిస్తే, “నువ్వు కాసేపు పడుకో అమ్మా, నేను చూసుకుంటాను” అని బిడ్డను అందుకోండి. ఇంట్లో తాతయ్యలకూ నాన్నలకూ కూడా రెండు చేతులున్నాయి. ఇంజినీరు తాతగారు గుడ్డ మార్చబట్టే కదా, ప్రపంచానికి ఆ కష్టం తెలిసింది!

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. చదువు ఆమెకు రాదు. కాని నూరేళ్ళు తిరిగి శాస్త్రం చేరుకున్న మాట ఆమె పొత్తిగుడ్డ విప్పిన క్షణంలో చెప్పింది. అంత చురుగ్గా చెప్పిన మనిషే, తర్వాత రెండు రోజులూ పిల్లను తన ఒళ్ళో వేసుకుని, తన చీర తడుపుకుంటూ కూర్చుంది. నేను ఆ రెండు రోజులూ హాయిగా నిద్రపోయాను.